జాక్సన్ కోటు

జెమీమా కోటు విప్పి సోఫా మీదికి విసిరేసింది. స్కూల్లో ఒకప్పటి ప్రెసిడెంట్ ఆండ్రూ జాక్సన్ వేషం వేసి అతని గురించి మాట్లాడటానికి వాళ్లమ్మ విమలకుమారి రెండు రోజులు కూర్చుని కుట్టిన కోటు అది.

"ఛీ! వేసుకుంటే అసహ్యంగా ఉంది మమ్మీ. ఇక్కడి చెరొకీ నేటివ్ ట్రైబ్‌ని తరిమేసే చట్టం మీద సైన్ చేసింది ఇతనే. మనముంటున్న ఈ కమ్మింగ్ ఊరంతా ఒకప్పుడు వాళ్లదే."

"పాత గొడవలు మనకెందుకు?" అన్నాడు తండ్రి దైవాశీర్వాదం. "రెండు మంచి ముక్కలు చెప్పి వచ్చెయ్ తల్లీ."

విమలకుమారి భర్తను ఏవగింపుగా చూసింది.

"మీ తాతగారి గుడిసె తగలబెట్టించిన కామందు గురించి కూడా మీ ఊళ్లో మంచి ముక్కలే చెబుతారండీ. విగ్రహం కూడా పెట్టారు. అది కనబడితే మీరు ఉమ్మేసి వస్తారు."

దైవాశీర్వాదం సోఫా మీది కోటు తీసి దులిపాడు. తర్వాత కూతురి పక్కన కూర్చున్నాడు.

"ఆ చెరొకీ వాళ్లని ఎక్కడికి తోలేశారమ్మా?"

"ఓక్లహోమా వైపు. నడిపించారు డాడీ. దారిలో వేలమంది చచ్చిపోయారు."

"అదే చెప్పు. నేనొచ్చి ముందు వరసలో కూర్చుంటాను."