చెక్క గోడలు

కొట్టే మొగుణ్ణి ఆడది ఎందుకు వదిలిపోదు?

సుభద్రమ్మను ఈ సందేహం ఏళ్ల తరబడి వేధిస్తోంది. లలితా సహస్రనామం చదువుతుంటే మధ్యలో వచ్చి అడ్డం నిలబడేది. అమ్మవారినే అడిగి చూసింది. ఆవిడా చెప్పలేదు.

ఇప్పుడు ఎదురుగా నళిని నిలబడి ఉంది. కాళ్ల దగ్గర సూట్‌కేసు, పక్కన నాలుగేళ్ల కూతురు జయంతి.

"పొయ్యి మీద పప్పుంది. దించి వెళ్తాను," అంది నళిని.

"నేను దించుతాలే. నువ్వు బయల్దేరు."

"మాడితే ఆయన తినరు."

"వాడు తింటాడో లేదో ఇంకా నువ్వే చూడాలా తల్లీ?"

సన్నీవేల్ అపార్ట్‌మెంట్లలో గోడలు చెక్కవి. అవతల గ్లాసు పడినా ఇవతల వినబడుతుంది. మొదట్లో గ్లాసులే అనుకుంది సుభద్రమ్మ. అవి గ్లాసులు కావని తెలిశాక భజన క్యాసెట్టు సౌండు పెంచేది. మండుటెండల్లో నళిని మణికట్టు దాకా జాకెట్టు వేసుకుంటే, ఎందుకని అడగడానికి నోరు వచ్చేది కాదు.

ఉష గబగబా మెట్లెక్కి వచ్చింది. శనివారం భజనల్లో పరిచయమైన డాక్టరు.

"ఇంకా ఇక్కడే ఉన్నారా ఆంటీ? శ్రీధర్ ఆఫీస్‌ నుంచి బయల్దేరే టైమైంది!"

"నా వీసా ఆయన మీదే ఉంది కదా ఉషా," అంది నళిని.

"లాయర్‌తో మాట్లాడాను. అన్నీ కార్‌లో చెప్తా, నడువు."

"మొన్న ఏడ్చారు కూడా. కాళ్లు పట్టుకున్నారు."

"నిరుడూ పట్టుకున్నాడు. ఆ తర్వాతేగా నీ చేతికి నేను కట్టు కట్టింది!"

నళిని సుభద్రమ్మ వైపు తిరిగింది. "పిల్ల తండ్రి లేకుండా పెరగాలా? మీరు చెప్పండి."

"నేనూ అదే అనుకుని ఉండిపోయాను, మా ఆయన పోయేదాకా," అంది సుభద్రమ్మ. "పక్కగదిలో పడుకున్నా పిల్లలకి అన్నీ వినబడతాయమ్మా. విన్నదే నేర్చుకుంటారు."

నళిని వంగి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టింది. ఆడపిల్లని పంపేటప్పుడు బొట్టు పెట్టాలి. సుభద్రమ్మ చెయ్యి కుంకుమ భరిణె దాకా వెళ్లి ఆగిపోయింది. భర్త పోయిన తను పెట్టవచ్చా?

"మీరే పెట్టండి," అంది నళిని.

అమ్మవారి కుంకుమే కదా, ఎవరి వేలైతే ఏం? పెట్టింది.

"బామ్మా, నువ్వు రావా?" అంది జయంతి.

"నాకు పనుంది బంగారం."

"మిమ్మల్ని అడుగుతారు. కేకలేస్తారు," అంది నళిని.

"వేయనీ. ఈసారి క్యాసెట్టు పెట్టను."

గడప దగ్గర సుభద్రమ్మకి గుర్తొచ్చింది. ఈ దేశం వచ్చిన కొత్తలో తను చలికి వణికిపోతుంటే, నళిని ఒంటి మీది స్వెట్టర్ విప్పి తొడిగింది. తర్వాత ఆమె అడగనూ లేదు, తను ఇవ్వనూ లేదు. ఇప్పుడు దాన్ని విప్పి నళిని భుజాల చుట్టూ కప్పి, పైనుంచి కింది దాకా బొత్తాలు పెట్టింది.

"నీ బాకీ తీరిందమ్మా. వెళ్లు."

కారు మలుపు తిరిగింది. సుభద్రమ్మ పప్పు దించి, దేవుడి దగ్గర దీపం పెట్టి కూర్చుంది.

తలుపులో తాళంచెవి తిరిగింది.

"అమ్మా, నళిని ఏదీ?" అన్నాడు శ్రీధర్.