కాటుక గీత

సీసాలో ఎరుపు, నిన్న పెట్టిన కాటుక గీతకు రెండు వేళ్లు కిందికి దిగిపోయింది.

“తాగతాండాది!” సిద్ధమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

చెల్లెలి పెళ్లిలో తాగొచ్చాడని పెళ్లికొడుకు మేనమామనే విస్తరి ముందు నుంచి లేపిన మనిషి ఆమె. ఆమె ఇంట్లో, అదీ కోడలి గదిలో, వైన్ సీసాలా!

కోడలు అనూష బొమ్మలు వేస్తుంది. కుప్పం దగ్గర వైన్ చేసే కంపెనీ నెలనెలా సీసాలు పంపుతుంది. ఏ వైను నాలుకను వగరుగా పట్టేస్తుందో, ఏది మెత్తగా గొంతు జారుతుందో చూడగానే తెలిసేలా బొమ్మ గీసి పంపాలి. “అది పని అత్తా, తాగుడు కాదు” అంటుంది. ఎవరు నమ్ముతారు? సిద్ధమ్మ రెండుసార్లు దగ్గరికెళ్లి నోటి వాసన కూడా చూసింది. ఏమీ రాలేదు. ఎంత జాణ!

తక్కిన వాటిలో పిల్లకు వంక పెట్టడానికి లేదు. ఆ మాయదారి జ్వరం వచ్చి పోయినప్పటి నుంచి పప్పులో ఉప్పెక్కువైనా తెలియదు, అంతే. అత్త మోకాళ్ల నొప్పికి రోజూ మధ్యాహ్నం స్టీలు గ్లాసులో కషాయం తెచ్చి, తాగేదాకా పక్కనే కూర్చుంటుంది. “ఎట్లుండాది అత్తా?” అని ఓపిగ్గా అడుగుతుంది. సిద్ధమ్మకు మాటలు కొదవా? చిన్నప్పుడు పుట్టినూరు సోమలలో ఏరుకున్న నేరేడుపండ్లు, దీపం తగిలి అంచులో నెమలి తోక కాలిన అమ్మ పెళ్లికోక, అన్నీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా వచ్చిపోతాయి.

ఆదివారం కొడుకు గిరీష్ పుంగనూరు బస్సు దిగి గడప దాటాడో లేదో, సీసా అతని ముందు పెట్టింది.

“నీ పెండ్లాం తాగతాండాది నాయనా. ఇదో గీత, సూడు. ఆ బొమ్మల పని మానిపిస్తావా, పుట్టింటికి పంపిస్తావా?”

“నిజమేనా అనూషా?”

“సుక్క తాగలే. తాగినా నాకేం తెలస్తాది? జరం వచ్చినప్పటి నుంచి నా నాలిక్కి నీళ్లూ చారూ ఒకటే.”

“రుచే తెలీకుంటే బొమ్మ యాడ్నించి వస్తాండాదే?” గెలిచినట్టు చూసింది సిద్ధమ్మ.

అనూష తల దించుకుంది.

గిరీష్ బల్ల మీది బొమ్మను వెలుతురుకు పట్టుకున్నాడు. రాళ్ల మీద చితికిన నేరేడుపండ్లు. వాటి మీంచి జారిపోతున్న ఆకుపచ్చ పట్టుకోక.

“ఈ కోక ఎవురిదే?”

సిద్ధమ్మ తొంగి చూసింది. అంచు మీద మూడు నెమళ్లు. నడిమి నెమలికి తోక కాలిపోయి ఉంది.

“ఏం మా, పంపిద్దామా పుట్టింటికి?” అన్నాడు గిరీష్.

సిద్ధమ్మ చూపు సీసా మీంచి గూట్లోని తన స్టీలు గ్లాసు మీదికి పోయింది. కొంగుతో సీసా మీది కాటుక గీత తుడిచేసి, మంచమ్మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

“అమ్మాయ్, నా కషాయం యాడ?”