చూస్తాండా

తెల్లారితే బల్ల ఆదివారం, చర్చిలో ప్రభు భోజనం పంచే రోజు. రొట్టె, ద్రాక్షరసం ఉన్న పళ్ళెం తన ముందుకు రాగానే యేసురత్నం తల వంచుకుని పక్కవాళ్ళకు జరిపేస్తాడు. ఆ ప్రమాదం జరిగినప్పటి నుంచీ అదే వరస. తోటి మనిషితో సమాధానపడకుండా బల్లలో చేయి పెట్టకూడదన్నది వాళ్ళ చర్చిలో గట్టి నియమం. ఆయన చివరి బెంచీని ఎందుకు వదలడో నంద్యాల చర్చిలో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు.

ఈసారి మాత్రం శనివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు.

“యాడికి?” అంది సారమ్మ. భార్యకు తెలియక కాదు.

“ఆళ్లగడ్డకు. రామన్న ఇంటికి. క్షమించమని అడగాల.”

“నువ్వు పోయి అడిగితే సచ్చిపోయిన పిల్లోడు లేసొస్తాడా?”

“రాడు. అడక్కుంటే నేను బతకలేను సారమ్మా.”

“ఆడ చేయి లేస్తే?” అందామె.

“అదే నా భయం.”

“నేనూ వస్తా.”

“వద్దు. ఏమన్నా అయితే నువ్వు చూడొద్దు.”

కోర్టులో కేసు ఎప్పుడో ముగిసింది. సాక్ష్యం చాలదన్నారు, ఇళ్ళకు పొమ్మన్నారు. యేసురత్నం లోపల మాత్రం విచారణ ఒక్కరోజూ ఆగలేదు. ప్రమాదం తర్వాత ఆయన మళ్ళీ బండి ముట్టుకోలేదు. నిద్ర మాత్ర లేకుండా పడుకోలేదు.

పాస్టరు జాన్ అయ్యగారు ఆయనకొక సాధన చెప్పాడు. లోపల ఏది లేచినా పేరు పెట్టి పలకరించాలి. తరమకూడదు, దాచకూడదు. ‘వచ్చినావా, చూస్తాండా’ అనాలి. “దాన్ని చూసేవాడివి నువ్వు. నువ్వే అది కాదు” అన్నాడాయన. యేసురత్నానికి సగమే అర్థమైంది. ఆ సగంతోనే బస్సెక్కాడు.

కిటికీ పక్కన కూర్చుని మొదలుపెట్టాడు. “యేసురత్నం, నీ గుండె దడదడలాడుతాంది. చూస్తాండావా?”

“చూస్తాండా.”

“అరచేతులు తడిసినాయి.”

“చూస్తాండా.”

పక్క సీటావిడ ఆయన చెవుల వంక చూసింది. ఫోను వైరేమీ లేదు. “ఎవురితో అన్నా, మాట్లాడేది?” అంది.

“నాతోనేమ్మా.”

ఆవిడ బుట్ట తీసుకుని ముందు సీటుకు మారిపోయింది. ఫోనులో ఎంత అరిచినా పట్టించుకోని జనం, మనిషి తనతో తాను మాట్లాడుకుంటే మాత్రం భయపడతారు.

శిరివెళ్ళ దాటాక ప్రమాదం జరిగిన ఆ మలుపు వచ్చింది. యేసురత్నం కళ్ళు మూసుకున్నాడు. దిగి పారిపోవాలనిపించింది. “కళ్ళు తెరువు,” అని తనను తానే గదిమాడు. తెరిచాడు. రోడ్డు పక్కన ఎవరో జొన్నలు ఎండబోసుకున్నారు. అంతే. ఇంకేమీ లేదు. ఏమీ లేకపోవడమే ఆయనను మరీ వణికించింది.

భయాన్ని పలకరిస్తూ పోతే దాని కింద ఇంకేదో కదిలింది. అది భయం కంటే పెద్దది. దాని ముఖం చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

ఆళ్లగడ్డలో దిగి, విగ్రహాలు చెక్కే ఒక కొట్టం దగ్గర ఆగాడు.

“రామన్న ఇల్లు యాడప్పా?”

ఉలి పట్టుకున్న మనిషి తలెత్తాడు. “ఏ రామన్న? ఆ యాక్సిడెంటు రామన్నేనా?”

“ఆ.”

“మూల తిరిగితే నీలం తలుపు. ఆయప్ప అప్పట్నుంచి మనిషి కాలేదు. గడప దాటడు, ఎవురితోనూ మాట్లాడడు. నువ్వేమయితావ్?”

యేసురత్నం మూల వైపుకు నడిచాడు.

నీలం తలుపు కనబడగానే కాళ్ళు వెనక్కి తిరిగాయి. గబగబా మూల దాకా వచ్చేశాడు. “పారిపోతాండావా?” అని అడిగాడు తనను. “పో. పారిపోయేవాన్ని కూడా చూస్తాండా.”

చూస్తూ పారిపోవడం ఎంత కష్టమో ఆయనకు అప్పుడు తెలిసింది. అక్కడే గోడకు ఆనుకుని, బస్సులో చూడలేక వదిలేసిన దాని ముఖం పూర్తిగా చూశాడు. ఇన్నాళ్ళూ తనలో ఇంత ఘోరం పెట్టుకుని తిరిగాడా! “వచ్చినావా,” అన్నాడు దానితో. “దాక్కోవద్దు. నువ్వు కూడా రా. లోపలికి పోదాం.”

వెళ్ళి తలుపు తట్టాడు.

రామన్న భార్య రంగమ్మ తీసింది. ఆయనను చూడగానే ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. తలుపు మూయబోయింది. కంగారులో గడియ పడలేదు.

“ఎవురు?” అంటూ లోపలి నుంచి రామన్న వచ్చాడు. గడ్డం మాసిపోయింది. చేతిలో లావుపాటి కట్టె ఉంది. యేసురత్నాన్ని చూసి ఆగిపోయాడు. కట్టె మీద వేళ్ళు బిగిశాయి.

రంగమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

యేసురత్నం చేతులు పైకి లేచాయి. అవి లేవడం ఆయన చూశాడు. ఎక్కడికి పోతున్నాయో చూశాడు. ఆ రెండింటినీ మధ్యలోనే ఆపి, ఒకదానికొకటి చేర్చి, దండం పెట్టాడు.

“రామన్నా, నా కొడుకును లారీతో గుద్దింది నువ్వేనని, మనసులో నిన్ను రోజూ గొంతు పిసికి చంపుతానే ఉండా, నన్ను క్షమించప్పా.”