నాలుగడుగుల గుంత

"బిడ్డా, తానాల జాలారి పక్కన జర జాగ ఇస్తే ఓ గుంత తవ్విపోత."

గేటు బయట ఓ ముసలాయన. సైకిలుకు గడ్డపార కట్టి ఉంది.

జ్యోత్స్నకు చిరాకేసింది. పక్షవాతంతో మంచాన పడ్డ అత్త లసుమవ్వకు అప్పుడే ఒళ్లు కడిగి వచ్చింది. భర్త దయాకర్ దుబాయిలో. ఆర్మూర్ చివరి కొత్త కాలనీలో ఇల్లు కట్టించి, పిడికెడు మట్టి కూడా కనపడకుండా వాకిలంతా సిమెంటు చేయించింది ఆమే.

"గుంతెందుకు?"

"నాలుగడుగులు చాలు. వాన నీళ్లు, తానం నీళ్లు గా గుంతల ఇంకుతయ్. నీ బోరు బతుకుతది. నింపే కంకర గూడ నేనే తెస్త."

"ఎంత తీసుకుంటవ్?"

"పైసలొద్దు బిడ్డా."

అనుమానం అక్కడే పుట్టింది. ఊరికే తవ్విపెట్టేవాడు ఈ లోకంలో ఎవడుంటాడు?

పక్కింటి నర్సింలును పిలిచింది. అతను వస్తూనే ముసలాయన సంచి లాక్కుని బోర్లించాడు. రెండు నిమ్మకాయలు, పసుపు పొట్లం కింద పడ్డాయి.

ఎండకు నిమ్మకాయ నీళ్లు, బొబ్బలెక్కిన చేతులకు పసుపు. అంతే. ఆర్మూర్‌లో పసుపు లేని సంచి వెతికినా దొరకదు. నర్సింలు మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే మనిషి, ఆ మాట అతనికి తెలియనిది కాదు. అయినా ఆ పూట అతని కళ్లకు అది క్షుద్రపూజ సామానే.

"లంకెబిందెల కోసమొచ్చినవా? రేపు అమాస అని జూసుకునే వచ్చినవ్!"

"కాదు నాయినా, జర నా మాటిను. నేనెవర్నంటే..."

ఎవరూ వినలేదు. నర్సింలు మెడపట్టి గెంటాడు. జ్యోత్స్న గేటుకు తాళం వేసింది.

"వానలు పడకముందే తవ్వాలె బిడ్డా. మల్లొస్త," అన్నాడు ముసలాయన సైకిలు లేపుకుంటూ.

మళ్లీ మూడుసార్లు వచ్చాడు. నిధుల దొంగన్న కబురు అప్పటికే కాలనీ అంతా పాకింది. ఎవరి గేటూ తెరుచుకోలేదు.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. సిమెంటు మీద పడ్డ నీళ్లన్నీ మురికి కాలువలో కలిసిపోయాయి.

ఫిబ్రవరి దాటగానే బోరు గాలి కక్కింది.

ట్యాంకరు నాలుగు రోజులకోసారి వచ్చేది. మూడు పూటలా కడగాల్సిన ఒంటికి ఒక్క పూట కూడా నీళ్లు సరిపోలేదు. లసుమవ్వ వీపంతా పుండ్లు పడ్డాయి.

"కడుగవే బిడ్డా, మంటమండుతుంది," అని ఆమె ఏడుస్తుంటే జ్యోత్స్న చెవులు మూసుకుని తానూ ఏడ్చింది.

దవాఖానకు తీసుకెళ్లేసరికి చీము రక్తంలో కలిసిందన్నారు. ఉగాది చూడకుండానే లసుమవ్వ పోయింది.

కాటికి వెళ్లొచ్చినవాళ్లు తలస్నానం చేయకుండా గడప తొక్కకూడదు. వాకిట్లో ఇరవైమంది నిలబడి ఉన్నారు. ఇంట్లో బిందెడు నీళ్లు లేవు. జ్యోత్స్నకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనయింది.

బిందె పట్టుకుని సందు చివర, గేటే లేని రేకుల ఇంటికి పరుగెత్తింది. బీడీలు చుట్టుకునే సాయవ్వ, మైల ఇల్లని కూడా చూడకుండా మోటరు వేసింది. పైపు నిండుగా నీళ్లు దూకాయి.

"నీ బోరెట్ల పోస్తుంది సాయవ్వా?"

"గా ముసలాయన నా ఇంట్ల గుంత తవ్విండు గదా."

"యాడుంటడు? కాళ్లు మొక్కి తోల్కొస్త."

"ఇంకెక్కడి పోచన్న? జరమొచ్చి దసరా ముంగటనే పాయె."

జ్యోత్స్న నిండిన బిందెను పక్కకు జరిపింది.

"గాయినకు మనమేమైతమని సాయవ్వా, గంతగనం తిరిగిండు?"

సాయవ్వ ఇంటి వెనక ఎత్తుగా పోసి ఉన్న కంకర కుప్ప చూపించింది.

"మన కాలనీల బోర్లన్ని ఏసిన బండి గాయినదే బిడ్డా. 'భూమిని నేనే ఎండబెట్టిన, నేనే తడుపుత' అని ఆ బండి అమ్మి మీ అందరి ఇండ్లకు తెచ్చిన కంకరే గిది."