గోదాము లేని కొట్టు

అడవి నడుమ ఎలుగుబంటి పెద్ద కొట్టు పెట్టింది. గుమ్మడికాయలు తెచ్చే గాడిద రోజూలాగే పొద్దుటి నుంచీ వాకిట్లో, ఎండలో నిలబడే ఉంది. లోపల ఒక కాయ అమ్ముడైతేనే దాని వీపు మీంచి ఇంకొకటి తీసుకుంటారు. అంతవరకూ బరువు కింద దించడానికి వీల్లేదు.

కొట్టు చూడొచ్చిన నక్క, "గోదాము ఏదీ?" అని అడిగింది.

"మాకు గోదామే లేదు. సరుకు ఎప్పటికప్పుడు వస్తుంది. బోలెడు చోటు కలిసొచ్చింది," అంటూ ఎలుగుబంటి మురిసిపోయింది.

ఆ మాట గాడిద చెవిన పడింది. మరి ఇన్నాళ్లూ తన నడుం పట్టేసింది దేనికి? కాసేపు ఆలోచించి, మిగిలిన కాయలతో ఇంటిదారి పట్టింది.

లోపల ఆఖరి కాయ అమ్ముడైంది. ఎలుగుబంటి పరుగున బయటికొచ్చి, "ఎక్కడికే పోతున్నావ్?" అని అరిచింది.

గాడిద వెనక్కి తిరక్కుండానే చెప్పింది: "గోదాము మూసేశానండీ."