కనకవ్వ పెంచిన ముళ్లచెట్టు

"ముందు గీ చెట్టు పేరేందో తేలాలె. తేలినంక ఇంట్ల అది ఉంటదో, నువ్వుంటవో చెప్త" అంది దేవవ్వ కోడలు కనకవ్వతో.

నిజాం రాజ్యం పోయి మూడేళ్లయింది కానీ, ఆ ఇంట్లో దేవవ్వ రాజ్యం చెక్కుచెదరలేదు.

పెరట్లో నడుమెత్తు పెరిగింది ఆ ముళ్లపొద. హుస్నాబాద్‌లో ఎవరూ అలాంటిది చూడలేదు. తుమ్మ కాదు, రేగు కాదు, పరికి కాదు. మేకలు కూడా వాసన చూసి వెళ్లిపోతున్నాయి. నేతకని పడుగు నూలు పరిస్తే ముళ్లకు తగులుకొని పోగులు తెగుతున్నాయి. నేతోళ్ల ఇంట్లో అంతకంటే పాపం ఏముంటుంది?

కానీ దేవవ్వ అసలు బాధ పోగులు కాదు, కొడుకు దశరథం. పోయిన వానాకాలం కూతురి పురిటికని హుజూరాబాద్ వెళ్లి వచ్చేసరికి పెరట్లో ఈ చెట్టు, మగ్గం మీద కొత్త దశరథం. ఉట్నూర్ దాకా తిరిగి చీరలమ్ముకొచ్చే పులిలాంటి కొడుకు పిల్లి అయిపోయాడు. పెళ్లాం పిలిస్తే పలుకుతాడు. పైగా రోజూ పొద్దున్నే లేచి ఆ పొదకు నీళ్లు పోసేది వాడే. కోడలు మందు పెట్టకపోతే మరేమిటి ఇది?

అందుకే నాటు వైద్యుడు హనుమండ్లును పిలిపించింది. మందు చెట్టని తేలితే కనకవ్వ మూటాముల్లె సర్దుకొని తల్లిగారింటికి పోవాల్సిందే.

హనుమండ్లు ఆకు నలిపాడు. వాసన చూశాడు. కొస కొరికి ఉమ్మాడు.

"మందూ లేదు, మాకూ లేదక్కా. గిది మన దిక్కు చెట్టే కాదు. పేరు నాకు ఎరుకలే."

"ఎరుకలేని చెట్టు ఎందుకు? పీకి పారేద్దాం. దశరథం, గడ్డపార తేరా."

వెనక పంచలో మగ్గం గుంటలోంచి దశరథం లేవలేదు. తల వంచుకొని నేస్తూనే ఉన్నాడు.

"చూసినవా అన్నా? నా కొడుకుకు నోట్లె నాలికె లేకుండ చేసింది."

కనకవ్వ కొంగు నడుముకు దోపి, వెళ్లి చెట్టుకు అడ్డంగా నిలబడింది.

"దాని మీద చెయ్యేస్తే ఊకోను అత్తా. చెట్టు పోయిన్నాడు నేను పోత. ఎందుకు పోతున్ననో కులపోళ్లందరి ముంగట చెప్పే పోత."

మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"గంత కోపమెందుకు బిడ్డా" అన్నాడు హనుమండ్లు. "ఏడికెల్లి తెచ్చినవో చెప్పు. పేరు నేను కనుక్కుంట."

"నేను తెచ్చింది కాదు తాతా" అంది కనకవ్వ, అత్త కళ్లలోకి సూటిగా చూస్తూ. "నన్ను కొట్టెతందుకని నీ కొడుకు ఉట్నూర్ అడివిల ఏరికోరి ఇరుసుకొచ్చిన పచ్చి కట్టె గిది, ఆయన చేతులకెల్లి గుంజుకొని నేనే ఈడ పాతిన."