పొలం లేని తెల్లాయన

1931 సెప్టెంబరులో, అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో ఓ ఊరి మొదట్లో కారు ఆగిపోయింది.

న్యూ ఆర్లియన్స్ నుంచి కచేరీకి బయల్దేరిన ముగ్గురు నల్లవాళ్ళున్నారు అందులో. జాజ్ బ్యాండు నడిపే ఆల్సీడ్ దిగి బానెట్ ఎత్తాడు. పాటలు పాడే అతని భార్య లర్లీన్ కూడా దిగింది గానీ, రోడ్డు పక్కనున్న బోర్డు చదివి మళ్ళీ కార్లో కూర్చుంది.

'పొద్దు గూకాక ఈ ఊళ్ళో నల్లవాళ్ళు కనబడకూడదు.'

పొద్దు అప్పటికే చెట్ల మీదికి వాలింది.

"ఇంకెంతసేపన్నా?" అడిగాడు డ్రమ్ములు వాయించే ఎజ్రా.

"బెల్టు తెగింది. కొత్తది కావాలి."

"అదిగో పెట్రోలు బంకు. వెళ్ళి అడగనా?"

"అడుగు. మీ ఆవిడకి నేనేం చెప్పాలో కూడా చెప్పి వెళ్ళు."

ఎజ్రా కదల్లేదు.

బంకు దగ్గర ముగ్గురు తెల్లవాళ్ళు వీళ్ళనే చూస్తున్నారు. కాసేపటికి అయిదుగురయ్యారు. ఒకడు లోపలికెళ్ళి తుపాకీ తెచ్చుకున్నాడు.

"మన పాటలు నేర్చుకుని రికార్డులు అమ్ముకుంటారు," గొణిగింది లర్లీన్. "వాళ్ళ రోడ్డు మీద మనం కాసేపు నిలబడకూడదు."

"మెల్లిగా," అన్నాడు ఆల్సీడ్.

అయిదుగురూ రోడ్డు దాటబోతుండగా ఓ ట్రక్కు వచ్చి అడ్డంగా ఆగింది. నలభయ్యేళ్ళ తెల్లాయన దిగాడు.

"ఏరా వెధవల్లారా, పొద్దున్నుంచీ ఎక్కడ చచ్చారు? పొలంలో పత్తి మీ తాత ఏరతాడా?"

ఆల్సీడ్ నోరు తెరిచేలోగా చెంప పగలగొట్టాడు.

బంకు వాళ్ళు నవ్వారు.

"నీ మనుషులా?" అన్నాడు తుపాకీవాడు.

"నా వాళ్ళే. ఎక్కండ్రా ట్రక్కు."

వాయిద్యాలు కార్లోనే వదిలేసి ఎక్కారు.

ట్రక్కు ఊరు దాటి అడవిలోకి మళ్ళింది.

"పొలాలు అటు కదా," అన్నాడు ఎజ్రా. "అన్నా, దూకేద్దాం."

"లర్లీన్ కడుపుతో ఉందిరా."

లర్లీన్ ప్రార్థన మొదలుపెట్టింది. రెండో మాట గుర్తు రాలేదు.

నది ఒడ్డున ట్రక్కు ఆగింది. ఆయన వెనక్కి వచ్చి తలుపు తీశాడు. లర్లీన్ కళ్ళు మూసుకుంది.

"ఆ వంతెన దాటండి. అవతలంతా నల్లవాళ్ళే. ఓజెల్లా ఇల్లెక్కడని అడగండి, చోటిస్తుంది. వెనక్కి చూడొద్దు."

ఆల్సీడ్ ఏదో అనబోయాడు. ఎజ్రా అతని చెయ్యి పట్టి లాగాడు.

"కొట్టినవాడికి దండాలు కూడానా? పద."

పరుగెత్తారు.

ఓజెల్లా యాభై దాటిన మనిషి. మొక్కజొన్న రొట్టె, చిక్కుళ్ళ కూర పెట్టింది. ఆమె ఏమీ అడగలేదు. వీళ్ళకి చెప్పే ధైర్యం లేదు. ముగ్గురూ తలుపు వైపే చూస్తూ తెల్లార్చారు.

పొద్దున నది అవతలి తెల్లవాళ్ళ ఊరి హోటల్లో పగటిపూట వంట చేసే రూఫస్ వచ్చాడు. అతనూ నల్లవాడే. టోపీ తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"మిమ్మల్ని ట్రక్కులో తెచ్చినాయన మా హోటల్లో వాయించే తెల్లవాళ్ళ బ్యాండులో మనిషి. కార్నెట్ బూర ఊదుతాడు. బంకు వాళ్ళు మీ కారు తెరిచి డ్రమ్ములు చూశారట. పత్తి ఏరేవాళ్ళకి డ్రమ్ములెందుకని రాత్రి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారట. నీ పొలం ఎక్కడో చూపించమన్నారట."

"చూపించాడా?"

"పొలముంటేగా. బయటికి ఈడ్చుకుపోయారట. ఇందాక నదిలో దొరికాడు."



"మనకోసం తెల్లాయన చచ్చిపోవడమేంటి?" అన్నాడు ఎజ్రా. "ఆయనకి మనమేమవుతామని?"

ఓజెల్లా గోడ పట్టుకుని మెల్లిగా కింద కూర్చుంది.

"ఆ బ్యాండులో నల్లవాళ్ళని చేర్చుకోరు," అంది. "అందుకే పదిహేనేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదు. తెల్లగా పుట్టాడు గానీ, వాడు నా తమ్ముడు, బాబూ."